నలభై ఒకటో నంబరు

యూనివర్సిటీ, నేలల శాఖ, రెండో అంతస్తు
జూన్ 4

అక్కా,

నువ్వు బాగానే ఉండి ఉంటావు. బాగా లేకపోతే ఈపాటికి నాకు రెండు పేజీల తిట్లు వచ్చి ఉండేవి. నేనూ బాగున్నాను. నా వ్యాసమే తిరిగొచ్చింది.

తిరగ్గొట్టారని సంబరపడకు. లోపలి విషయానికి ఎవరూ వంక పెట్టలేదు, పెట్టలేరు కూడా. ఉప్పు నేలల గురించి ఎవరు నోరు విప్పినా నా ఏడేళ్ల సూత్రం దగ్గరే మొదలుపెట్టాలి. ఉప్పు పట్టిన నేలకి ఏడేళ్లపాటు మంచినీళ్లు పారిస్తే ఉప్పు అడుక్కి దిగిపోతుంది, మళ్లీ పైకి రాదు. నీకు చెప్పినా గోడకి చెప్పినా ఒకటే అనుకో. జర్నల్ వాళ్ల ఏడుపల్లా చివర ఇచ్చిన ఎనభై నాలుగు రెఫరెన్సుల గురించి. వాళ్ల పద్ధతిలో లేవట. ఇంటిపేరు ముందుండాలట, సంవత్సరం బ్రాకెట్లో ఉండాలట, జర్నల్ పేరు వాలు అక్షరాల్లో, సంపుటి నంబరు లావు అక్షరాల్లో. ఇన్నేళ్లు నేలలు తవ్విన మనిషి ఇప్పుడు కామాలు ఏరుకుంటూ కూర్చోవాలా?

అది గుమాస్తా పని. దానికి నువ్వున్నావు. పైగా ఆ జర్నల్ అచ్చయ్యేది మీ ప్రెస్సులోనే. కట్ట పంపుతున్నాను, నీకు నాలుగు సాయంత్రాల పని. సెప్టెంబర్లో శాఖాధిపతి పదవికి కమిటీ కూర్చుంటుంది, అప్పటికి ఇది అచ్చులో ఉండాలి. లోపలి విషయం చదవకు, నీకు అర్థం కాదు. చివరి ఆరు పేజీలు చూస్తే చాలు.

ఫోన్లో అయితే సగంలో పెట్టేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

నీ తమ్ముడు


ప్రెస్సు పైగది, కిటికీ పక్క బల్ల
జూన్ 19

ఒరేయ్ తమ్ముడూ,

నేను క్షేమం. నీ రెఫరెన్సులు మాత్రం మంచం పట్టి ఉన్నాయి.

నాలుగు సాయంత్రాలన్నావు. పదకొండు రోజులయింది, ఇంకా యాభై మూడు దగ్గరున్నాను. గుమాస్తాని కదా, నెమ్మది. పేరు అటు తిప్పి చుక్క ఇటు పెట్టడమే నా పని అనుకుంటున్నావు. నేను ఒక్కోదానికీ లైబ్రరీలో అసలు సంపుటి తీయించి, అట్ట, మొదటి పేజీ, చివరి పేజీ నా కళ్లతో చూశాకే టిక్కు పెడతాను. ఇరవై తొమ్మిదేళ్లుగా ఇంతే. ఇక్కడ నన్ను వెనకాల కామాక్క అంటారు. ముందర అనే ధైర్యం ఇంకా ఎవడికీ రాలేదు.

ఇక నీ వైభవం విను. ఏడూ, యాభై రెండూ ఒకటే వ్యాసం. సంవత్సరం మార్చి రెండుసార్లు పెట్టావు. ముప్పై మూడో నంబరు అచ్చయిందని నువ్వు చెప్పే సంవత్సరానికి ఆ జర్నల్ మూతబడి నాలుగేళ్లయింది. చచ్చినవాడు ఉత్తరం రాశాడన్నమాట. పంతొమ్మిదో నంబరులో ఆ పెద్దమనిషి ఇంటిపేరుని సొంత పేరు చేసి, సొంత పేరుని ఊరి పేరు చేశావు. ఎనభై నాలుగింటిలో పదహారు నీవే. నీకు నువ్వే సాక్షివి, నీకు నువ్వే జడ్జివి. ఆ పదహారింటిలోనూ నీ పేరు పూర్తిగా వేసుకుని, నీతో పాటు ఎండలో మట్టి తవ్వినవాళ్లనందరినీ 'తదితరులు' అని ఒక్క మాటలో పూడ్చిపెట్టావు. ఈ జర్నల్ పద్ధతిలో అందరి పేర్లూ రావాలి నాయనా. పాత సంచికలు తిరగేసి నలభై ఏడుమంది తదితరులని బయటికి తీశాను. ఊపిరాడక ఎంతకాలం ఉన్నారో పాపం.

నువ్వు వద్దన్నావని లోపలి విషయం కూడా చదివాను. బాగానే అర్థమయింది, అందులో పెద్దగా ఏమీ లేదు.

ఇంకొక్క సంగతి. నలభై ఒకటి. ఉప్పు నేలల సర్వే నివేదిక, సంపుటి 6, పేజీలు 112 నుంచి 131. నీ ఏడేళ్ల సూత్రం మొత్తం ఆ ఒక్కదాని మీదే నిలబడింది కదా. అది రాసినాయన ఎవర్రా? ఎప్పుడైనా చూశావా? ఊరికే అడుగుతున్నాను.

అక్క


యూనివర్సిటీ, నేలల శాఖ
జూన్ 30

అక్కా,

ఒక్క పని అడిగితే వంద మాటలు. నువ్వు మారవు. ఏడు, యాభై రెండు టైపింగు పొరపాటు, యాభై రెండులో ఉండాల్సిన వ్యాసం పేరు చీటీ మీద రాసి పెడుతున్నాను. ముప్పై మూడు ఎవరి వ్యాసంలోంచో ఎత్తి రాసుకున్నది, అందరూ అలాగే చేస్తారు. ప్రపంచంలో ఒక్కొక్కడూ ఒక్కో పుస్తకం తీయించి చూస్తూ కూర్చుంటే చదువులు సాగినట్టే. తదితరుల గురించి నీకెందుకంత బాధ? వాళ్లు అడిగారా?

నలభై ఒకటో ఆయన్ని చూశావా అని నన్నా అడుగుతావు! వ్యాసం చివర కృతజ్ఞతల్లో ఏం రాశానో చదవలేదా? ఆ మహానుభావుడి సమక్షంలో గంటలకు గంటలు గడిపాను. బక్కపలచటి మనిషి, చిన్న గడ్డం, మాట తక్కువ. ఎక్కడ కాగితం కనపడినా ఆగేవారు కాదు. ఆయనలాంటివాళ్లు ఇప్పుడు లేరు. ఆ నివేదికని ఇప్పటికి పంతొమ్మిది మంది ఉదహరించారు. ఒకాయన అయితే 118వ పేజీలోంచి రెండు వాక్యాలు యథాతథంగా ఎత్తి చూపించాడు. అదీ స్థాయి అంటే.

నువ్వే కాదు, ఇక్కడ నా దగ్గర ఇంకొకతె ఉంది. నా కింద నాలుగేళ్లుగా పరిశోధన చేస్తున్న తలబిరుసు పిల్ల. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. తన కొలతల్లో మూడో ఏటికే ఉప్పు మళ్లీ పైకి వస్తోందట. అంతటితో ఊరుకోలేదు. 'మా గైడు థీసిస్‌లోని నలభై ఒకటో నంబరు మూలం ఎక్కడా దొరకలేదు' అని థీసిస్‌లో ఒక పాదసూచిక రాసింది. నా థీసిస్ పునాది మీద నా ఎదుటే ఉమ్మేసినట్టు కాదూ? సంతకం పెట్టకుండా వెనక్కిచ్చాను. జూలై నెలాఖరుకి సంతకం పడకపోతే దాని గడువు అయిపోతుంది, పేరు కొట్టేస్తారు. నాలుగేళ్ల కష్టం నీళ్లపాలు. రెఫరెన్సులంటే ఎంత జాగ్రత్త కావాలో అప్పుడు తెలిసొస్తుంది. ఈ మాట నీకు నచ్చుతుందనే రాస్తున్నాను.

మిగతా ముప్పై ఒకటీ త్వరగా కానివ్వు.

నీ తమ్ముడు


ప్రెస్సు పైగది
జూలై 8

తమ్ముడూ,

ఎనభై మూడు అయిపోయాయి. ఒక్కటి మిగిలింది.

నీ యూనివర్సిటీ లైబ్రరీకి వచ్చాను. నీ గది ముందు నుంచే నడిచి వెళ్లాను, లోపల ఎవరికో గట్టిగా నీతులు చెబుతున్నావు, పలకరించలేదు. సంపుటి 6 తీయించాను. దుమ్ము చూస్తే దాన్ని తాకినవాళ్లు తక్కువ. వెనక అట్టకి అంటించిన చీటీ మీద ఇన్నేళ్లలో ఒక్కటే సంతకం ఉంది, ఈ ఏడాది మార్చిలోది. నీ తలబిరుసు పిల్లది. ఆ పంతొమ్మిది మంది పెద్దమనుషుల్లో ఒక్కడి సంతకమూ లేదు. నీదీ లేదు.

ఆ సంపుటి 96వ పేజీతో అయిపోతుంది. 112 లేదు, 118 లేదు, 131 అసలే లేదు. ఆ పిల్ల రాసింది అక్షరాలా నిజం.

బయటికి వస్తుంటే మెట్ల మీద ఎదురయింది. నేనెవరో తెలియదు. నా చేతిలో చీటీ చూసి, "సంపుటి ఆరు తీశారా అండీ? 96 తర్వాత పేజీలు మీకేమైనా దొరికాయా?" అని ఎంత ఆశగా అడిగిందో. ఇంకో కాపీ కోసం నాలుగు లైబ్రరీలు తిరిగిందట. తప్పు తనదే అయి ఉంటుందేమోనని ఇంకా వెతుకుతోంది. లేదమ్మా అని వచ్చేశాను.

సంతకం పెట్టు. నలభై ఒకటి నీ వ్యాసంలోంచి తీసెయ్. ఎందుకని నన్ను అడగకు. అక్కనని ఈ ఒక్కసారి చెప్పిన మాట విను.

అక్క


యూనివర్సిటీ, నేలల శాఖ
జూలై 15

అక్కా,

నీకు మతి పోయింది. బైండింగువాడు వెనక పేజీలు ఊడగొట్టి ఉంటాడు. పాత పుస్తకాల సంగతి నీకు తెలియదా? పంతొమ్మిది మంది అబద్ధమాడి, ఒక కుర్ర పిల్లా ఒక ప్రూఫులు దిద్దే మనిషీ నిజం చెబుతున్నారా?

చెప్పక తప్పదు కాబట్టి చెబుతున్నాను. డిగ్రీ రెండో ఏడు దాటనిదానివి. పేజీల నంబర్లు లెక్కపెట్టడం వేరు, ఆ పేజీల్లో ఏముందో తెలియడం వేరు. రాయి మోసినంత మాత్రాన శిల్పి అయిపోరు. నేను సంతకం పెట్టను. దాని కొలతలు ఒప్పుకుంటే నా సూత్రం పోయినట్టే, సూత్రం పోతే సెప్టెంబర్లో కమిటీ ముందు ఏ మొహం పెట్టుకుని కూర్చోను? ముప్పై ఒకటిన ఆ పిల్ల పేరు కొట్టేస్తారు. అంతే.

నలభై ఒకటి ఎలా ఉందో అలాగే ఉండనివ్వు. ఇంటిపేరు ముందు పెట్టు, సంవత్సరానికి బ్రాకెట్లు పెట్టు, నీ పని అంతవరకే.

తమ్ముడు


ఇంటి దగ్గర, వెనక వరండా
జూలై 20

ఒరేయ్,

రెండో ఏడు దాటలేదు, నిజమే. నేను డిగ్రీ ఆపి ప్రెస్సులో చేరిన ఏడే నువ్వు కాలేజీలో చేరావు. ఆ రెండూ ఒకే ఏడు ఎందుకు జరిగాయో తెలియనంత లెక్కలు రానివాడివి కాదు. దాని గురించి ఇన్నేళ్లలో నేను ఎత్తలేదు, ఇప్పుడూ ఎత్తను. నలభై ఒకటి గురించి మాట్లాడతాను.

ఇరవై తొమ్మిదేళ్ల కింద నీ థీసిస్ ఈ వరండాలోనే టైపు చేశాను, గుర్తుందా? ప్రెస్సులో మిషను అడిగి తెచ్చుకుని, వారం సెలవు పెట్టి. రెఫరెన్సులన్నీ నువ్వు అట్టముక్కల మీద రాసి ఇచ్చేవాడివి, ఒక్కోదానికి ఒక్కో కార్డు. నేను వరసగా పేర్చుకుని కొట్టేదాన్ని. మర్నాడు థీసిస్ ఇవ్వాలి. నలభై తర్వాత నలభై రెండు వచ్చింది. ఆ నలభై ఒకటో నంబరుని నువ్వు ఇప్పటిదాకా మార్చకుండా దించుకుంటూనే ఉన్నావు. నువ్వు పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి, "అక్కా, మేక తినేసింది, కార్డు మేక తినేసింది!" అని తల బాదుకున్నావు. నిజంగానే దాని నోట్లోంచి కార్డు మూల వేలాడుతోంది. పేరు గుర్తులేదు, సంవత్సరం గుర్తులేదు, ఏదో సర్వేలో ఏడేళ్లని ఉంది, అదే గుర్తుంది అన్నావు. అమ్మ ఒక పక్కన కూర్చుని కళ్లొత్తుకుంటోంది. నీ మొహం చూడలేకపోయాను.

పొద్దున్నే ప్రెస్సుకి వెళ్లొచ్చి, దొరికిందిరా, పాత పుస్తకాల్లో దొరికింది అన్నాను. దొరకలేదు. నేనే కట్టాను. సర్వే నివేదికలు ఉన్నాయని మాత్రం తెలుసు, సంపుటి 6 అన్నది నోటికొచ్చిన అంకె. పేజీలు కూడా అంతే. కర్త పేరు కావాలి కదా. తిన్నది అదే కాబట్టి కర్త కూడా అదే అనుకున్నాను. నువ్వు దాన్ని "ఏయ్ మేకా" అనేవాడివి. నేనొక పేరు పెట్టుకుని పిలుచుకునేదాన్ని, అది నువ్వు ఏనాడూ పట్టించుకోలేదు. ఆ పేరుకి ముందు రెండు ఇనీషియల్సు తగిలించాను.

అర్థమయిందా? నువ్వు సమక్షంలో గడిపిన మహానుభావుడు మన మేకరా! బక్కపలచన, చిన్న గడ్డం, మాట తక్కువ, కాగితం కనపడితే ఆగేది కాదు. ఒక్క అక్షరం తప్పు లేకుండా వర్ణించావు. నీ ఉత్తరం చదివి నవ్వి నవ్వి పొలమారింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది. పంతొమ్మిది మంది పండితులు మన మేకని ఉదహరించారు, ఒకడు దాని 118వ పేజీ చదివాడు కూడా! ఇంత చదువు చదివి వీళ్లు చేసే పని ఇదా? ఒకడు గంట కొడితే మిగతావాళ్లు ఎందుకని అడగకుండా బడి వదిలేసి పోయే రకం. అందులో ఒక్క మనిషి లేచి వెళ్లి పుస్తకం తెరిచి చూసింది. దాని పేరు నువ్వు కొట్టేయిస్తున్నావు.

నేనేదో నీతిమంతురాలినని చెప్పట్లేదు. దొంగ రెఫరెన్సు నాది. అది కొట్టిన వేళ్లు ఇవే. ఆ ఒక్కదాని మీద సిగ్గుతోనే తర్వాత ఒక్కటీ చూడకుండా పోనివ్వలేదు. అందరూ నిష్ఠ అనుకున్నారు. కానీ నువ్వు చదివింది నిజమని నమ్మాను, పేరొక్కటే అబద్ధం అనుకున్నాను. ఆ పిల్ల మూడో ఏటికే ఉప్పు పైకొస్తోందంటోంది. తనకి పుట్టెడు కొలతలున్నాయి. అందుకని ఒక్కటే అడుగుతాను, ఈసారైనా సూటిగా చెప్పు. ఆ కార్డు మీద ఏముంది?

అక్క


యూనివర్సిటీ
జూలై 24

అక్కా,

కార్డు మీద ఏమీ లేదు.

ఏడేళ్లని ఎక్కడా చదవలేదు. నా దగ్గర రెండేళ్ల కొలతలే ఉన్నాయి, గీత పొడిగిస్తే ఏడు దగ్గర ఆగింది. అలా రాస్తే ఒప్పుకోరని, ఎవరో చెప్పినట్టు రాశాను. కార్డు రాయబోతే పేరు తట్టలేదు. నువ్వు నలభై దాకా వచ్చేశావు, కేక వేస్తున్నావు. పెరట్లోకి వెళ్లి ఖాళీ అట్టముక్క మేకకి నేనే పెట్టాను. ముందు అది తినలేదు కూడా, నోట్లో కుక్కాల్సి వచ్చింది.

మర్నాడు నువ్వు దొరికింది అన్నావు. నాకెలా ఉందో నీకు తెలియదు. నేను ఊహించింది నిజంగానే ఎవరో ముందే కనిపెట్టి రాశారు అనుకున్నాను. నువ్వు అబద్ధం చెబుతావని కలలో కూడా అనుకోలేదు, నువ్వెప్పుడూ చెప్పలేదు కదా. అందుకే తెరిచి చూడలేదు. ఏళ్లు గడిచిన కొద్దీ ఎవరైనా అడిగితే ఆయన్ని చూశానని చెప్పడం మొదలుపెట్టాను. చెప్పగా చెప్పగా మొహం కూడా కనపడేది.

నీ అబద్ధం నేను నమ్మాను, నా అబద్ధం నువ్వు నమ్మావు. ఇంకెవరికీ తెలియదు. వదిలెయ్ అక్కా. సెప్టెంబర్ దాటనివ్వు. తర్వాత మెల్లగా సర్దుతాను. ఆ పిల్లకి ఇంకెక్కడైనా దారి చూపిస్తాను. నీక్కూడా వచ్చే నెల రిటైర్మెంటు, నీ పేరు మాత్రం ఏం కావాలి? నీ కాళ్లు పట్టుకుంటాను.

తమ్ముడు


ప్రెస్సు పైగది, బల్ల ఖాళీ చేస్తూ
జూలై 27

తమ్ముడూ,

నోట్లో కుక్కావా! ఆ నోరులేని జీవానికి తిననిదాన్ని కుక్కి, పైగా నిందేశావు. రెండ్రోజులు దానికి కడుపు ఉబ్బింది. నేను పక్కన కూర్చుని, కార్డు తిన్నావుగా అనుభవించు అని తిట్టాను కూడా. నీ ఏడేళ్ల సూత్రం కన్నా అదే నాకు ఎక్కువ మండింది, నవ్వితే నవ్వు.

వదలను. నిన్న కిందికి వెళ్లి జర్నల్ ఎడిటరు చేతికే కాగితం ఇచ్చాను. సంపుటి 6లో ఫలానా నివేదిక లేదు, ఆ కర్త లేడు, ఆ పేజీలు లేవు, ఇరవై తొమ్మిదేళ్ల కింద కల్పించింది నేను, ఉదహరించిన పంతొమ్మిది వ్యాసాల జాబితా ఇదిగో అని. ఆ పంతొమ్మిదింటినీ వాళ్ల పద్ధతిలోనే రాశాను, ఒక్క కామా తేడా లేకుండా. ఆయన చదివి కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇది మీరు ఇవ్వకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదండీ" అన్నాడు. ఒకమ్మాయికి తెలిసింది అన్నాను. వచ్చే సంచికలో సవరణ వేస్తారు, నా పేరుతో.

వీడ్కోలు సభలో ఇవ్వడానికి ఒక జ్ఞాపిక పలక చేయిస్తున్నారు. ఇక్కడ ఏది అచ్చయినా ప్రూఫు నా దగ్గరికే రావాలి కదా, దాని ప్రూఫు కూడా వచ్చింది. 'ఒక్క తప్పుడు రెఫరెన్సూ పోనివ్వని మనిషికి' అని ఉంది. 'ఒక్కటి తప్ప' అని దిద్ది పంపించాను. సభ ఉంటుందో లేదో ఇంకా తెలియదు. బల్ల సొరుగులు మాత్రం ఖాళీ చేసుకుంటున్నాను. అడుసు తొక్కింది నేను, కాలు కడుక్కోవాల్సిందీ నేనే.

నీ ఖాళీ కార్డు సంగతి ఎడిటరుకి రాయలేదు. అది నీ రెఫరెన్సు, నువ్వే ఇచ్చుకో.

కట్ట తిరిగి పంపుతున్నాను. ఎనభై మూడు సరిగ్గా ఉన్నాయి, తదితరులందరూ పేరుపేరునా ఉన్నారు. మేకని తీసేస్తే నలభై ఒకటి ఖాళీ అయింది. ఉప్పు నేలలకి నీళ్లు పారిస్తే ఏమవుతుందో నాలుగేళ్లు నిలబడి కొలిచినవాళ్లు నాకు ఒక్కరే కనిపించారు. అందుకని అక్కడ ఆ పిల్ల థీసిస్ పెట్టాను. ఇంటిపేరు ముందు, తర్వాత తన పేరు, శీర్షిక వాలు అక్షరాల్లో, నీ యూనివర్సిటీ, పేజీలు 1 నుంచి 212. మీ శాఖ ఆఫీసులో ఉన్న కాపీ తీయించి, అన్నీ నా కళ్లతో చూసి రాశాను. లోపలి వ్యాసం దానికి తగ్గట్టు నువ్వే తిరగరాసుకోవాలి, నాకు అర్థం కాదన్నావుగా.

సంవత్సరం దగ్గర మాత్రం ఉత్త బ్రాకెట్లు పెట్టి వదిలేశాను. థీసిస్‌కి సంవత్సరమంటే గైడు సంతకం పెట్టిన సంవత్సరం. ఆ ఒక్కటీ నేను నింపలేను. మళ్లీ కల్పించను.

ముప్పై ఒకటి గురువారం. లైబ్రరీలో కిటికీ వైపు రెండో బల్ల దగ్గర కూర్చుంటుంది, ఇంకా 112వ పేజీ కోసం వెతుకుతూనే ఉంటుంది. పెన్ను పట్టుకుని నువ్వే వెళ్లు.

అక్క